ఆఖరిల్లు చూసినంకనే చాయ్

మా సైదాబాద్ అపార్ట్‌మెంటులో మొన్న ఆదివారం నీళ్ల మీటింగ్ పెట్టారు. బోరు అడుగంటింది, ట్యాంకర్ వాడు ఫోనెత్తడం లేదు. సెక్రటరీ గారు ఎక్కడినుంచో ప్రొజెక్టరు తెచ్చి, గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి, ఏ అంతస్తు ఎన్ని నీళ్లు తాగుతోందో వివరించారు. ఎవరి మోటరు ఎవరి కొంప ముంచుతోందో తేలక అందరం కాసేపు అరుచుకున్నాం. ఆ అరుపుల మధ్య నా నోటి నుంచి ఒక మాట జారింది.

"వాచ్‌మన్ గదికి నీళ్లు వస్తున్నాయా?"

అందరూ నా వైపు తిరిగారు. సెక్రటరీ గారు సెల్లులోకి చూసుకుని, "అది ఇవాళ్టి ఎజెండాలో లేదు మేడమ్" అన్నారు.

ఎజెండాలో ఎందుకుంటుంది? ఆ ప్రశ్న నా సొంతమూ కాదు. పాతబస్తీ జహనుమాలో నేను అద్దెకున్న రోజుల్లో ఒక ముసలామె దగ్గర అరువు తెచ్చుకున్నది. ఆమె పోయిన ఎండాకాలం చనిపోయింది. మీటింగ్ నుంచి పైకొచ్చి అన్నం కలుపుకుంటూ ఉంటే ఆమె నా ఎదురుగా కూర్చుని, "అడిగినవ్ సరే, పోయి చూసినవా మరి?" అన్నట్టే అనిపించింది. చెయ్యి కడుక్కుని కిందికి దిగి వాచ్‌మన్ గది దాకా వెళ్లి చూసి వచ్చాను. నల్లా విప్పితే గాలి వచ్చింది. ఆ సంగతి వచ్చే ఆదివారం ఎజెండాలో ఎక్కించకపోతే నా పేరు మార్చుకుంటాను.

ఆమెను గల్లీలో అందరూ సర్పంచమ్మ అనేవారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో సర్పంచ్ సాబ్. అసలు పేరు నాకు తెలుసు గానీ ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమే పలికేది కాదు, అందుకని నేనూ ఇక్కడ రాయడం లేదు. దేవరకొండ దిక్కు ఒక ఊరికి ఆమె ఒక్కసారి నిజంగానే సర్పంచుగా చేసింది. సీటు ఆడవాళ్లకు వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో భార్య పేరు గెలిచేది, భర్త కుర్చీలో కూర్చునేవాడు. ఈమె విషయంలో ఆ పప్పులు ఉడకలేదు. భర్త ఫలక్‌నుమాలో రైల్వే గ్యాంగ్‌మన్. ఆయనకు లీవు దొరికేది కాదు.

"మండలాఫీసుకు పోతే, నువ్వెందుకొచ్చినవమ్మా, మీ ఆయనను పిలువు అందురు. మా ఆయన పట్టాల మీదున్నడు సారూ, ఆయనను పిలవాల్నంటే రైలాగాలె అంటుంటి" అని చెప్పి తనే ముందు నవ్వేది.

పదవి దిగాక భర్త దగ్గరికి జహనుమా వచ్చేసింది. పదవి మాత్రం దిగలేదు, ఆమెతో పాటే బస్సెక్కి వచ్చింది. మా గల్లీ మెయిన్ రోడ్డు నుంచి మొదలై ఎత్తుకు పోతుంది. మొట్టమొదటి ఇల్లు ఆమెది. రెండోది మా ఓనరు సేటుది, పై వాటాలో నేను. శాలిబండ పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగం నాది, అందుకని ఆమెకు నేను పోస్టమ్మను. చిట్టచివర, ఎత్తు మీద, ఖాజాబీ ఇల్లు.

పొద్దున నేను డ్యూటీకి దిగేసరికి ఆమె గుమ్మం ముందు మెట్టు మీద కొంగు నడుముకు దోపుకుని కూర్చుని ఉండేది. వీధి దీపం కాలిపోతే, మురుగు మోరీ నిండితే, కుక్క ఎవరినైనా కరిస్తే ముందు ఆమెకు తెలిసేది. తెలిసిన వెంటనే ఒక స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని గల్లీ పొడవునా కొట్టుకుంటూ పోయేది. "ఇనుండ్రి! సునో భాయ్! రేపు మోరీ తీయనీకి వస్తున్నరు, బండ్లు అడ్డం పెట్టకుండ్రి! గాడీ హటావ్!" ఆమె ఉర్దూ అట్లాంటి రెండు మూడు ముక్కలే. అవి చాలేవి. సెల్లుఫోన్లో అందరికీ మెసేజ్ పెట్టొచ్చు కదా అని నేనొకసారి అన్నాను. "సెల్లుల పెడితే నేను చూడలేదంటరు. పళ్లెం కొడితే ఇనలేదన్నోడు చెవిటోడన్న కావాలె, దొంగన్న కావాలె" అంది.

ఇంకొక అలవాటు ఉండేది. ఎవరైనా "మా నల్లా" అంటే ఊరుకునేది కాదు. "మన నల్లా" అనాలి. మా సేటు వంటి మనిషికి అది గొంతులో ముల్లు. ఆయన కావాలనే "మా నల్లా, మా మోటరు, మా సంపు" అని ఒత్తి పలికేవాడు. ఆమె అంతకంటే ఒత్తి, "మన నల్లా సేటూ, మోటరే నీది" అనేది.

ఇక ఆఫీసర్ల సంగతి. నీళ్ల ఆఫీసు ఇంజినీరు గానీ, వీధి దీపాల వాళ్లు గానీ, ఓట్ల ముందు చేతులు జోడించుకుంటూ వచ్చే లీడర్లు గానీ, గల్లీలోకి అడుగు పెడితే ముందు తగిలేది ఆమె ఇల్లే. వాళ్లు అక్కడే నిలబడి, సమస్యలేమిటో చెప్పమని అడిగి, రెండు ఫొటోలు దిగి పోదామనుకునేవారు. ఆమె లోపల చాయ్ పెట్టమని గట్టిగా కేకేసి, వాళ్లకు వినబడ్డాక, "ముందుగాల ఆఖరిల్లు చూసి రాండ్రి సారూ. చూసినంకనే చాయ్" అనేది. ఎండలో ఆ ఎత్తు ఎక్కడం అంత సులువు కాదు. ఒక ఇంజినీరు, "ఇక్కడినుంచే కనబడుతోంది కదమ్మా" అన్నాడు. "ఇల్లు కనబడ్తది సారూ, బిందె కనబడదు" అంది. పాపం, ఎక్కాడు. దిగి వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆయనకు ఆమె రెండు చాయ్‌లు ఇచ్చింది.

ఈ ఆఖరిల్లు పిచ్చి ఏమిటని ఒక ఆదివారం అడిగాను. అప్పుడామె చింతపండు గింజలు తీస్తోంది. మా సేటుది శాలిబండలో చింతపండు హోల్‌సేల్ దుకాణం. ఎంత తగాదా పడినా పండు మాత్రం ఆయన దగ్గరే కొనేది.

"మా ఊర్ల ట్యాంకి కట్టిచ్చిన బిడ్డా" అంది. "మస్తు పెద్ద ట్యాంకి. దానిమీద నా పేరు రాపిచ్చుకున్న, గంతంత అక్షరాలు. కొబ్బరికాయ కొట్టిన్రు, దండలేసిన్రు. నేను రోజూ బజారు నడిమిట్ల దాక పోయి, నల్లాలు వస్తున్నయా అని అడుగుతుంటి. వస్తున్నయమ్మా అందురు. నడిమిట్ల దాక అందరికీ వస్తుండె. ఆ కొసకు వాడ ఉండె. ముందటి ఇండ్లోళ్లు మోటర్లు పెట్టుకుంటే వాడకు సుక్క పోలే. నేను నడిమిట్లకెల్లే మర్లి వస్తుంటినాయె, నాకేడ తెలుస్తది?"

"వాడ వాళ్లు వచ్చి చెప్పలేదా?"

"వచ్చిన్రు. వచ్చి ఒక్క మాట మాట్లాడలే. ఖాళీ బిందెలు నా వాకిట్ల బోర్లించి పోయిన్రు. గంతే." చింతగింజ ఒకటి తీసి పళ్లెంలో వేసింది. "ట్యాంకి కట్టిచ్చుడు పెద్ద పని గాదు పోస్టమ్మా. పైసలొస్తే ఎవడన్న కడ్తడు. ఆఖరింటికి పోతున్నయా లేదా చూసుడే పని. గా పని నేను చెయ్యలే. గందుకే మల్లొక్కపారి నిలబడలే."

చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు, సంజాయిషీ లేదు. వంటలో ఉప్పు తక్కువైందని ఒప్పుకున్నట్టు ఒప్పుకుంది. నాకు మాత్రం ఆ బోర్లించిన బిందెలు చాలా రోజులు కళ్ల ముందే ఉన్నాయి.

అసలు కథ ఆ తరువాతి ఎండాకాలంలో జరిగింది. మా గల్లీకి నల్లా దినం విడిచి దినం, పొద్దున పూట వచ్చేది. మామూలు రోజుల్లోనే ఎత్తు మీదికి సన్నగా ఎక్కేది. ఆ ఏడు మా సేటు గుర్రం లాంటి కొత్త మోటరు బిగించాడు. ఆయన్ని చూసి ఇంకో నాలుగిళ్ల వాళ్లు బిగించారు. నల్లా రాగానే గల్లీ మొత్తం జుయ్యిమని మోగేది. ఖాజాబీ నల్లా దగ్గర బిందె పెట్టుకుని కూర్చుంటే, బిందె బిందెలాగే ఉండేది.

ఖాజాబీ ఇంట్లో మగ్గం వర్కు చేసేది. పెళ్లి జాకెట్లకు జరీ పని. ఆమె చేతి పని కోసం పాతబస్తీ దుకాణాల వాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. మంచాన పడ్డ అత్త ఉంది. మంచాన పడ్డ మనిషికి నీళ్లు ఎన్ని కావాలో చాకిరీ చేసిన వాళ్లకే తెలుస్తుంది. చివరికి ఖాజాబీ భర్త విసిగిపోయాడు. ఊరి బయట తమ్ముడింటి పక్కన గది ఉందని, నెలాఖరుకు ఖాళీ చేద్దామని అన్నాడు. అక్కడికి పోతే ఆమె పని పోయినట్టే. అంత దూరం జాకెట్లు పట్టుకుని ఎవరొస్తారు? సామాను కట్టడానికి గోనె సంచులు కావాలని ఖాజాబీ మా సేటునే అడిగింది. చింతపండు సంచులు ఆయన దగ్గర ఉంటాయి కదా. సేటు ఇచ్చాడు కూడా. ఆయన చెడ్డవాడు కాదు. నీళ్ల దగ్గర తప్ప.

ఆ సంచులు చంకలో పెట్టుకుని ఖాజాబీ ఎత్తు ఎక్కిపోతుంటే సర్పంచమ్మ మెట్టు మీద నుంచి చూసింది.   సాయంత్రం పళ్లెం మోగింది. "ఐతారం పిండిగిర్ని ముందల సభ! అందరు రావాలె! సబ్ కో ఆనా!"

ఆదివారం అందరూ పిండిమర ముందుకు వచ్చారు. రాకపోతే ఆమె ఇంటికొచ్చి కూర్చుంటుందని భయం. ఆమె సభకు ఒకటే కట్టడి. ఒక్కొక్కరు ఒక్కసారే మాట్లాడాలి, అందరిదీ అయ్యాకే ఎవరికైనా రెండోసారి. మా సేటు లేచి దంచేశాడు. ఇంటి పన్ను కడుతున్నానన్నాడు, నల్లా బిల్లు కడుతున్నానన్నాడు. "నా ఇల్లు ముందలున్నది, నీళ్లు నాకు ముందుగాల వస్తయ్. గా గంగమ్మ తల్లే గట్ల పెట్టింది. నేనేం జెయ్యాలె?" అని కూర్చున్నాడు. మధ్యలో మళ్లీ లేవబోతే, "అయిపాయె నీది. కూసో" అంది సర్పంచమ్మ.

చివరగా ఖాజాబీ వంతు వచ్చింది. ఆమె గిర్ని గోడ పక్కన దుపట్టా తల మీదికి లాక్కుని నిలబడి, "నాకేం లేదమ్మా చెప్పనీకి. నక్కో, వద్దు" అంది.

"చెప్పాలె. నువ్వు చెప్పకుంటే సేటుకు రెండోపారి రాదు. ఆయన కడుపు ఉబ్బుతున్నది."

కొందరు నవ్వారు. ఖాజాబీ నవ్వలేదు. "నీళ్లు రావట్లె. మా అత్తకు స్నానం చేపిచ్చి ఎన్ని దినాలైందో నాకే యాది లేదు. వాసన వస్తదని పక్కింటి పడోసోళ్లు కిటికీ మూసుకుంటున్నరు. గందుకే పోతున్నం. ఎవరి మీద కోపం లేదు" అంది.

ఆ మాటతో సేటు తనకు రావలసిన రెండో వంతు వదులుకున్నాడు.

అప్పుడు సర్పంచమ్మ తన మాట చెప్పింది. నల్లా రాగానే అందరూ కట్టేసి ఉంచాలి. ముందు ఆఖరిల్లు పట్టుకోవాలి. వాళ్లది అయ్యాక పక్క ఇల్లు, తర్వాత దాని కింది ఇల్లు, అట్లా కిందికి రావాలి. "మరి నీకు?" అని ఎవరో అడిగారు. "నాది మొదటిల్లు గదా. నాకు ఆఖరుకు" అంది. సేటుకు ఆమె కంటే ఒక ఇల్లు ముందే వస్తుందని తేలింది. దానికి ఆయన తలూపాడు.

మొదటి రోజు అందరం కట్టేసి కూర్చున్నాం. ఎత్తు మీద నీళ్ల చప్పుడు వినిపించింది. ఎంతసేపటికీ ఆగలేదు. చివరికి కింద ఉన్న ఇళ్లకు రాకుండానే నల్లా పోయింది. లొల్లి మొదలైంది. సేటు పంచె ఎగ్గట్టి ఎత్తు ఎక్కాడు, వెనక సర్పంచమ్మ, ఆ వెనక నేను. పోయి చూస్తే ఖాజాబీ ఇంట్లో ఖాళీ గిన్నె లేదు. డ్రమ్ములు, టబ్బులు, బకెట్లు, పెళ్లిళ్లకు బిర్యానీ వండే డేగిషా, పాత కూలరు, పూలకుండీలు, ఆఖరికి టిఫిన్ డబ్బాలు కూడా నిండి ఉన్నాయి. మధ్యలో ఖాజాబీ తడిసిన బట్టలతో, తప్పు చేసిన పిల్లలా నిలబడి ఉంది.

"చూసినవా!" అన్నాడు సేటు. "గీళ్లకు ముందుగాల ఇస్తే గిదీ!"

సర్పంచమ్మ టిఫిన్ డబ్బా మూత తీసి లోపలికి చూసింది. చూసి, పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మా వాడోళ్లు గూడ గిట్లనే పట్టుకుందురు సేటూ, నేను ఒక్కనాడు ఇచ్చి ఉంటే. మల్ల వస్తదన్న నమ్మకం లేనోళ్లు గిట్లనే పట్టుకుంటరు. తప్పు ఆమెది గాదు, నాది. తాగే నీళ్లు వేరే, వాడుకునే నీళ్లు వేరే అని నేను చెప్పలే."

అక్కడే నిలబడి కొత్త కట్టడి చెప్పింది. మొదటి చుట్టు అందరికీ బిందెలే. ఆఖరింటి నుంచి మొదటింటి దాకా బిందెలు నిండాక, రెండో చుట్టు డ్రమ్ములు. సంపులు ఆ తర్వాత మిగిలితే.

"నేనొప్పుకోను" అన్నాడు సేటు. "ఎల్లుండి నల్లా వస్తనే మోటరేస్త. ఎవడు ఆపుతడో చూస్త." ఆ మాట అనేసి దిగిపోయాడు. ఖాజాబీ మూలన మడిచి పెట్టిన గోనె సంచుల వైపు చూసింది. నాకైతే కథ కంచికి పోయినట్టే అనిపించింది.

మర్నాడు సర్పంచమ్మ సేటు ఇంటికి వచ్చింది. నేను పై నుంచి దిగుతూ మెట్ల మీద ఆగిపోయాను. తగాదా పడుతుందనుకున్నాను. చేతిలో పళ్లెం, గరిటె ఉన్నాయి. అవి తెచ్చి సేటు ముందర పెట్టింది.

"ఇవేంది?" అన్నాడు సేటు.

"మా ఊర్ల చెర్వు కింద మడులకు నీళ్లు పంచెటోన్ని నీరటి అంటరు. నీరటి ఇంటోళ్లు ఊరిడిసి పోయినంక, ఎవర్ని పెట్టాల్నని పెద్దలు మస్తు ఆలోచన చేసిన్రు. నీళ్ల కాడ ఎవడు ఎక్కువ లొల్లి చేసిండో ఆ పంటకు వాణ్నే నీరటిని చెయ్యాల్నని కట్టడి చేసిన్రు. వాడు అందరి మడులు తడిపినంకనే తన మడి తడుపుకోవాలె. చెర్వు నీళ్లకు గంత తెలివి చేసిన మేము, నల్లా నీళ్లకు నీరటి ఎందుకనుకున్నం. మునిగినం." పళ్లెం ఆయన వైపు జరిపింది. "గీ గల్లీల నీ అంత లొల్లి చేసెటోడు లేడు సేటూ. ఇగ నువ్వే నీరటివి."

సేటు ఎర్రబడ్డాడు. "నన్ను ఎక్కిరిస్తున్నవా అవ్వా?"

"ఎక్కిరిస్తే పండు నీ కాడ ఎందుకు కొంట? ఇన్నేండ్లసంది నీ కాంటా చూస్తున్న. ఒక్కనాడు ముల్లు వంగలే. చింతపండు సక్కగ తూచెటోడు నీళ్లు సక్కగ తూచలేడా?"

సేటు భార్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "తీస్కోరాదుండ్రి. ఇంట్ల ఎట్లాగూ అరుస్తనే ఉంటరు, గల్లీల అరుస్తే జర మాకు నిమ్మళం" అంది.

నల్లా వచ్చే రోజు పొద్దున పళ్లెం మోగింది. మోగించింది సేటు. పంచె ఎగ్గట్టి, బనీను మీద, ఎత్తు ఎక్కుతూ దిగుతూ, "ఆఖరిల్లు విప్పుండ్రి! మిగిలినోళ్లు బంద్! బిందెలే! డ్రమ్ము కనబడితే కింద పార బోస్త!" అని అరుస్తున్నాడు. ఒకాయన దొంగచాటుగా మోటరు వేస్తే, ఆ చప్పుడు గుర్తుపట్టి గోడ మీద నుంచే తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను. దొంగకు తాళాలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు గానీ, నలుగురి ముందు ఇస్తే ఏమవుతుందో ఆ రోజే చూశాను. అందరివీ అయ్యాకే తన మోటరు వేసుకున్నాడు, అదీ సర్పంచమ్మ బిందెలు నిండాయా లేదా అని తొంగి చూసి. తన వంతు ఆమె తర్వాతకు ఎప్పుడు మార్చుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. నీరటికి చివరన కదా మరి.

ఆ నెలాఖరు వచ్చింది, పోయింది. ఖాజాబీ గోనె సంచులు ఉతికి, మడతలు పెట్టి తెచ్చి సేటుకు ఇచ్చేసింది. సేటు ఒకటి విప్పి చూసి, "సంచులు గూడ ఉతికేటన్ని నీళ్లు వస్తున్నయా నీకు?" అని గద్దించాడు. ఖాజాబీ అప్పటికి భయపడటం మానేసింది. "నువ్వే గదా సేట్ ఇస్తున్నవ్, నిన్నే అడుగు" అంది.

తరువాత నేను సైదాబాద్ వచ్చేశాను. పోయిన ఎండాకాలం ఒక పొద్దున సేటు ఫోన్ చేశాడు. "పోస్టమ్మా, సర్పంచమ్మ పోయింది. జల్ది రా" అన్నాడు. 

నేను వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించాలి. ఆమె కొడుకు ఖాళీ గంగాళం పక్కన నిలబడి ఉన్నాడు. ఆ రోజు నల్లా రోజు. సేటు గల్లీ మధ్యలో నిలబడి, "ఇయ్యాల ఎవ్వరు విప్పొద్దు! ముందుగాల సర్పంచమ్మింటికి!" అన్నాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికేముంది? నల్లా వచ్చింది. ఆమె ఇంటి నల్లా విప్పారు. గంగాళంలో నీళ్లు పడుతున్నాయి.

ఎత్తు మీద నుంచి ఖాజాబీ గొంతు వినబడింది. ఖాళీ బిందె పట్టుకుని పరుగున దిగి వచ్చింది. "సేట్! వరస ఎవరిది?" అని అరిచింది.

"ఖాజాబీ, ఇయ్యాల జర..." అన్నాడు సేటు.

"ఇయ్యాల ఏంది? ఇయ్యాల నల్లా రోజు గాదా? ఎవరిది వరస, చెప్పు!"

సర్పంచమ్మ ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ముక్కు మీద వేలేసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. శవం ముందు నీళ్ల తగాదా ఏమిటి? ఇన్నేళ్లు ఆమె వల్ల నీళ్లు తాగిన మనిషి నోటి వెంట రావలసిన మాటేనా అది? నేను ఏదో అనబోయాను. సేటు చెయ్యెత్తి నన్ను ఆపాడు. "వరస ఖాజాబీది" అన్నాడు. సర్పంచమ్మ కొడుకు వంగి నల్లా కట్టేశాడు. గంగాళంలో పడ్డ ఆ కాసిని నీళ్లు ఖాజాబీయే మోరీలో ఒంపేసి, వెనక్కి తిరిగి ఎత్తు ఎక్కిపోయింది.

 పైన ఆమె ఇంట్లో బిందెలో నీళ్లు పడే చప్పుడు మా దాకా వినిపించింది. ఆగింది. కాసేపటికి ఖాజాబీ నిండు బిందె చంకన పెట్టుకుని, తొణక్కుండా, మెల్లగా దిగి వచ్చింది. ఆ బిందె ఖాళీ గంగాళం పక్కన దింపి, రొప్పుతూ నిలబడింది.

"ముందుగాల నీకే వచ్చినయని తెలిస్తే అమ్మకు నచ్చదు" అంది కొడుకుతో. "నా ఇంటికి వచ్చినంక అవి నావి. నా నీళ్లు నేను ఎవరికన్న ఇచ్చుకుంట. పొయ్యి బేటా."

అతను రెండు చేతులతో బిందె ఎత్తి గంగాళంలో పోశాడు. చుట్టాల్లో ఒక్కరూ కాదనలేదు. నేను ఏడ్చాను, దాచుకోలేదు కూడా.

ఖాజాబీ దుపట్టాతో మొహం తుడుచుకుని సేటు వైపు తిరిగింది. "నాదయిపోయింది సేట్. పక్కింటోళ్లను విప్పమను."

సేటు ఎత్తు వైపు తిరిగాడు.  ఆఖరింటి పక్క ఇంటిని పిలిచాడు. పైన వాళ్ల నల్లా విప్పారు. వాళ్ల మొదటి బిందె కూడా కిందికే వచ్చింది.